కూలీని తీసేసి తల్లిని మిగిల్చిన ఫోటో

ఆ ఫోటో మీరు చూసే ఉంటారు. చెంపకు చెయ్యి ఆనించి ఎటో చూస్తున్న తల్లి, ఆమె భుజాల మీద వాలి మొహాలు అటు తిప్పేసుకున్న ఇద్దరు పిల్లలు, ఒళ్లో పసిబిడ్డ. పేరు ‘మైగ్రెంట్ మదర్’ (వలస తల్లి). 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర ఫోటోగ్రాఫర్ డొరొథియా లాంగే తీసింది. 1930ల అమెరికా ఆర్థిక మహామాంద్యం గురించి ఎవరు ఏం రాసినా పక్కన ఇదే వేస్తారు. గొప్ప ఫోటోనే, డౌట్ లేదు. కాకపోతే ఆ గొప్పతనంలో సగం ఫ్రేములోంచి తీసేసిన వాటివల్లే వచ్చిందంటాను.

లాంగే అక్కడ ఒక్క ఫోటోతో ఆగలేదు. దూరం నుంచి తీసిన వాటిలో గుడారం ఉంది, కుర్చీలో కూర్చున్న పెద్ద కూతురు ఉంది, సామాను ఉంది. దగ్గరికి జరిగేకొద్దీ ఇవన్నీ పోయాయి. గుడారం గుంజ పట్టుకున్న బొటనవేలు కూడా అడ్డమనిపించి, తర్వాత నెగెటివ్‌లో దాన్ని చెరిపించింది. అన్నిటికన్నా ముఖ్యంగా పోయింది పని. ఆమె పొలం పనులు వెతుక్కుంటూ తిరిగే కూలీ, చలికి బఠాణీ పంట పాడైపోయి అక్కడ వేలమందికి పని లేకుండా పోయింది, కానీ ఫోటోలో పొలమూ లేదు, పంటా లేదు, ఆసామీ అంతకన్నా లేడు. తల్లిని చూస్తే జాలి పడి ఊరుకోవచ్చు. కూలీని చూస్తే కూలి ఎంత, ఇచ్చేదెవరు అని అడగాల్సి వస్తుంది.

లాంగే పనిచేసింది ప్రభుత్వ పునరావాస సంస్థకి. సాయం అవసరమని పట్నాల్లో పేపర్ చదివేవాళ్లను ఒప్పించడమే అక్కడి ఫోటోగ్రాఫర్ల పని, కాబట్టి ఆమె ఎంపిక అర్థం కానిదేం కాదు. ఫలితమూ వచ్చింది: శాన్ ఫ్రాన్సిస్కో పేపర్లో ఫోటోలు పడగానే ఆ శిబిరానికి ఇరవై వేల పౌండ్ల (సుమారు తొమ్మిది వేల కిలోల) తిండి సామాను వెళ్లింది. అప్పటికే ఈ కుటుంబం అక్కణ్నుంచి వెళ్లిపోయింది.

నాకు మింగుడుపడనిది ఇంకోటి. భర్త, ఆర్థికవేత్త పాల్ టేలర్‌తో ఊళ్లు తిరిగినప్పుడు కూలీల మాటల్ని శ్రద్ధగా రాసుకున్న లాంగే, ఇక్కడ మాత్రం పేరు కూడా అడగలేదు. ఆ మాట తనే రాసుకుంది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారనీ రాసింది. కారు చెడిపోయి బాగు చేయించుకోవడానికి ఆగామే తప్ప టైర్లు అమ్మలేదని కుటుంబం చెప్పింది. (ఇలాంటివి మనకూ ఉన్నాయి. రాయలసీమను మాడ్చేసిన 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. వాళ్ల పేర్లు ఈ రోజుకీ ఎవరికీ తెలియవు.)

ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనీ, చెరోకీ ఆదివాసీ మహిళ అనీ లోకానికి తెలిసింది 1978లో. అన్నేళ్లూ చూసినవాళ్లు తెల్లజాతి రైతు తల్లనే అనుకున్నారు. దానివల్ల తనకు ఒక్క పైసా రాలేదని, అసలు ఆ ఫోటో తీయకపోయినా బాగుండేదని ఆమె అంది. న్యాయంగా చెప్పాలంటే లాంగేకీ రాయల్టీ రాలేదు, ఫోటో ప్రభుత్వానిది.

1983లో ఆమె మంచాన పడితే వైద్యం ఖర్చు కోసం పిల్లలు జనాన్ని సాయం అడిగారు. ముప్పై వేల డాలర్లకు పైగా వచ్చాయి, వాటితో పాటు ఉత్తరాలూ వచ్చాయి. అవి చదివాకే అమ్మ ఫోటో మీద పిల్లల కోపం తగ్గింది. అయితే ఆ డబ్బూ జాలితో ఇచ్చిన విరాళమే, అదే ఏడాది ఆమె చనిపోయింది.