మోకీలు మార్చే ముందు కాలి వంకర చూడాలి

యాభై ఏళ్లు నిండకుండానే మోకాలి నొప్పితో ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లినవారికి తరచుగా వినిపించే మాట ఒకటే: గుజ్జు అరిగిపోయింది, ప్రస్తుతానికి మాత్రలతో నెట్టుకురండి, తర్వాత ఎలాగూ మోకీలు మార్చాలి. ఆ గుజ్జు కీలంతటా అరిగిందా, ఒక్క లోపలివైపే అరిగిందా, అందుకు కాలి వంకరే కారణమా అన్నది మాత్రం చాలాసార్లు చర్చకే రాదు. మధ్యవయసు వారి విషయంలో చికిత్స మొదలు కావలసింది అక్కడేనని నా అభిప్రాయం.

తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు ఒక గీత గీస్తే, తిన్నని కాలిలో అది మోకాలి నడిమికి దగ్గరగా వెళుతుంది. అప్పుడు కూడా నడకలో సగానికి మించిన బరువు లోపలివైపే పడుతుంది. దొడ్డికాళ్లు ఉన్నవారిలో ఆ గీత ఇంకా లోపలికి జరగడం వల్ల ప్రతి అడుగుకూ ఆ భాగమే నలుగుతుంది. గుజ్జు తగ్గినకొద్దీ కాలు వంగుతుంది, వంగినకొద్దీ గుజ్జు మరింత తగ్గుతుంది. ఈ వంకర ఉన్న అరుగుదల రోగులలో 18 నెలల్లోనే లోపలివైపు వ్యాధి ముదిరే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని 2001లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. మాత్రలు నొప్పిని తగ్గించగలవు గానీ బరువు పడే దారిని మార్చలేవు.

ఎముకను కోసి, వంకర సరిచేసి ఆ దారిని మార్చే శస్త్రచికిత్సే ఆస్టియోటమీ. ఇది కొత్తదేమీ కాదు. 1965లోనే అమెరికాలోని మేయో క్లినిక్ సర్జన్ మార్క్ కోవెంట్రీ తన అనుభవాన్ని ప్రచురించారు. అప్పట్లో బయటివైపు నుంచి ఎముకను ముక్కోణంగా తొలగించేవారు. ఇప్పుడు ఎక్కువగా, మోకాలి కింది పెద్ద ఎముకను లోపలివైపు నుంచి కోసి, బయటి అంచున సుమారు ఒక సెంటీమీటరు ఎముకను తలుపు బందులా వదిలి, కోతను మెల్లగా తెరిచి, అనుకున్న కోణం వచ్చాక ప్లేటు, స్క్రూలతో బిగిస్తున్నారు. ఎంత తెరవాలన్నదే ఇందులోని అసలు విద్య. మోకాలి వెడల్పులో లోపలి అంచు నుంచి సుమారు 62 శాతం దూరాన గీత పడాలన్నది 1979లో జపాన్ వైద్యుడు ఫుజిసావా పరిశీలనల నుంచి వచ్చిన లెక్క. నేడు రోగిని బట్టి దానిని సవరిస్తున్నారు. సవరణ తక్కువైతే నొప్పి తిరగబెడుతుంది, ఎక్కువైతే బాగున్న బయటివైపు చెడుతుంది. అందుకే నిలబెట్టి తుంటి నుంచి మడమ వరకు తీసే ఎక్స్‌రే (స్కానోగ్రామ్) లేకుండా ఈ నిర్ణయం తీసుకోకూడదు. పడుకోబెట్టి మోకాలికి మాత్రమే తీసిన ఎక్స్‌రేలో ఈ గీత కనిపించదు.

అందరికీ ఇది పనికిరాదన్నదీ అంతే నిజం. కీలంతా అరిగినవారికి, కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉన్నవారికి, మోకాలు బాగా బిగుసుకుపోయినవారికి, సాధారణంగా పెద్ద వయసువారికి కీలు మార్పిడే మేలు. పొగతాగేవారిలో ఎముక ఆలస్యంగా అతుకుతుంది.

అయితే అర్హులైనవారికి దక్కేది చిన్నది కాదు. కీలు తమదిగానే ఉంటుంది. మార్పిడి తర్వాత నేల మీద కూర్చోవద్దని చాలామంది డాక్టర్లు చెబుతారు. నాట్లు వేసే మనిషికి, గొంతుక్కూర్చుని చేసే పనే బతుకుతెరువైన వారికి అది చిన్న షరతు కాదు. పైగా కృత్రిమ కీలుకూ ఆయుష్షు ఉంది. యాభైల తొలినాళ్లలో మోకీలు మార్చుకున్న పురుషులలో దాదాపు 35 శాతం మందికి జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చని, డెబ్బై దాటాక చేయించుకుంటే అది సుమారు 5 శాతమేనని బ్రిటన్ సమాచారం ఆధారంగా 2017లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఆస్టియోటమీ చేయించుకున్నవారిలో ఎక్కువమంది పదేళ్ల తర్వాత కూడా మార్పిడి అవసరం లేకుండా నడుస్తున్నారు. అవసరమైతే అప్పుడు మార్చుకునే వీలూ ఉంటుంది.

అదే 2017 ఆగస్టులో కేంద్రం మోకీలు ఇంప్లాంట్ల ధరలకు పరిమితి విధించింది. మంచి పనే. కానీ అది మార్పిడిని అందుబాటులోకి తెచ్చిందే తప్ప, మార్పిడి అవసరమే రాకుండా చూసే చికిత్స వైపు దృష్టి మళ్లించలేదు. ఆస్టియోటమీ తర్వాత కొన్ని వారాలు చేతికర్రల సాయం కావాలి, ఎముక పూర్తిగా అతకడానికి నెలలు పడుతుంది. రోజు కూలీకి ఆపరేషన్ ఖర్చు కన్నా ఆ నెలల కూలి పోవడమే పెద్ద అడ్డంకి. ఆరోగ్య బీమా పథకాలు ఆసుపత్రి బిల్లుతో పాటు ఈ కోలుకునే కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోనంత వరకు, ఈ చికిత్స అత్యవసరమైన మోకాళ్లకు ఇది అందదు.