బీటలు చూసినవాళ్ల మాట వినాలి

2013 ఏప్రిల్ 23న ఢాకా దగ్గర సావర్‌లో ఎనిమిది అంతస్తుల రానా ప్లాజా గోడలు బీటలు వారాయి. కింద ఉన్న బ్యాంకు తన సిబ్బందిని ఇంటికి పంపేసింది. పైన బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పొద్దున్నే పనిలోకి రమ్మన్నారు. రాకపోతే జీతం కోస్తామన్నారు. భయపడుతూనే మెట్లెక్కారు. తొమ్మిది కొట్టేలోపే భవనం కుప్పకూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ‘మేం లోపలికి రాం’ అని అందరి తరఫునా చెప్పడానికి అక్కడి ఐదు ఫ్యాక్టరీల్లో ఒక్కదానిలోనూ యూనియన్ లేదు.

సంఘం పెట్టుకునే హక్కు, యాజమాన్యంతో బేరమాడే హక్కు గురించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒప్పందాలను బంగ్లాదేశ్ 1972లోనే ఆమోదించింది. అయినా రానా ప్లాజా కూలేనాటికి యూనియన్ రిజిస్టర్ కావాలంటే 30 శాతం కార్మికులు సభ్యులుగా చేరాలి. 2018లో దాన్ని 20 శాతం చేశారు. ఐదు వేల మంది ఉన్నచోట అదీ వెయ్యి సంతకాలయ్యేది. కాగితం వంద చేతులు మారకముందే సూపర్‌వైజర్‌కు తెలిసిపోయేది. ముందు సంతకం పెట్టినవాళ్ల ఉద్యోగమే ముందు పోయేది.

యూనియన్లుంటే పెట్టుబడులు రావన్న వాదన పేద దేశాల ప్రభుత్వాలకు బాగా ఒంటబట్టింది. యూనియన్ నాయకుల్లో పార్టీల తోకలు పట్టుకున్నవాళ్లు, కాంట్రాక్టు కార్మికుల్ని పట్టించుకోనివాళ్లు ఉన్న మాట నిజమే. కానీ మాట్లాడే దారి మూసేస్తే ఏమవుతుందో 2012లో దక్షిణాఫ్రికాలోని మారికానా చూపించింది. గుర్తింపు ఉన్న సంఘంపై నమ్మకం పోయిన ప్లాటినం గని కార్మికులు నెలకు 12,500 రాండ్ల జీతం కోసం సొంతంగా సమ్మెకు దిగారు. ఆగస్టు 16న పోలీసు కాల్పుల్లో 34 మంది చనిపోయారు.

రానా ప్లాజా తర్వాత అంతర్జాతీయ యూనియన్లు బట్టల బ్రాండ్లతో కుదుర్చుకున్న ఒప్పందం చట్టప్రకారం పాటించి తీరాల్సినది. తనిఖీలు జరిగాయి, వాటి నివేదికలు బయటపెట్టారు. ప్రమాదం అనిపిస్తే పని ఆపే హక్కు కార్మికులకు దక్కింది. అదే హక్కు వాళ్లకు ముందే ఉంటే ఆ పొద్దున ఎంతమంది బతికేవాళ్లో!

87, 98 ఒప్పందాలను భారత్ ఇంకా ఆమోదించలేదు. ప్రభుత్వోద్యోగుల సర్వీసు నిబంధనలు అడ్డొస్తున్నాయని కేంద్రం చెబుతూ వస్తోంది. ఆ నిబంధనల్ని మార్చి, రెండింటినీ ఆమోదించాలని మేం కోరుతున్నాం.