కుందేటి కొమ్ము రాష్ట్రం

అమెరికాలోని వయోమింగ్‌ని మన పత్రికలు కొన్ని ‘వ్యోమింగ్’ అని రాస్తుంటాయి. చాలాకాలం అది అచ్చుతప్పే అనుకున్నాను. ఈ మధ్య ఆ రాష్ట్ర పాలనా వ్యవహారాలు కాస్త శ్రద్ధగా చదివాక, అలా రాసిన సబ్ ఎడిటర్ ఎవరోగానీ మహానుభావుడనిపించింది. వ్యోమం అంటే ఆకాశం. ఆకాశానికి మన నిఘంటువుల్లో ఉన్న మరో పేరు శూన్యం. ఇంతకంటే సరిగ్గా ఆ రాష్ట్రానికి పేరు పెట్టడం ఎవరి తరం?

విడిపోకముందు మన ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు. వయోమింగ్‌ది 2.53 లక్షలు. అంటే దాదాపు ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్నంత నేల. అంత నేల మీద 2020 జనాభా లెక్కల్లో తేలిన మనుషులు 5,76,851 మంది. మన గుంటూరు ఊళ్లో అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. చదరపు కిలోమీటరుకు ఇద్దరు మనుషులు, మూడో మనిషిలో పావు. రాష్ట్రం మొత్తం మీద ఎస్కలేటర్లు రెండంటే రెండు చోట్ల ఉన్నాయి, రెండూ క్యాస్పర్ అనే ఊళ్లోని బ్యాంకుల్లోనే. ఎక్కేవాళ్లుంటే కదా కట్టేది.

దీన్ని చూసి మేధావులు తెగ బాధపడిపోతుంటారు. కుర్రాళ్లు చదువు అవగానే పక్క రాష్ట్రాలకు వెళ్లిపోతున్నారని, బొగ్గు పడిపోతోందని, ఆస్పత్రులు మూతపడుతున్నాయని. నాకు వాళ్ల మీద జాలేస్తుంది. వీటిని విడివిడి సమస్యలుగా చూస్తే బాధే కలుగుతుంది. కలిపి చూడండి. అసలు జనమే లేకుండా ఒక రాష్ట్రాన్ని ఎంత చక్కగా నడపవచ్చో వయోమింగ్ 50 ఏళ్లకు పైగా చేస్తున్న ప్రయోగం కనిపిస్తుంది. ప్రయోగం ఇప్పుడు ఆఖరి దశలో ఉంది.

ముందు లెక్క చెప్తాను. వయోమింగ్‌లో మనిషి సంపాదన మీద రాష్ట్ర ప్రభుత్వం పన్ను వేయదు. కంపెనీల లాభాల మీదా వేయదు. మరి బడులు, రోడ్లు, పోలీసుల జీతాలు ఎలా? బొగ్గు ఇస్తుంది. గిలెట్ ఊరి చుట్టుపక్కల పౌడర్ రివర్ బేసిన్ అనే ప్రాంతం ఉంది. అమెరికా తవ్వుకునే బొగ్గులో సుమారు 40 శాతం ఈ ఒక్క రాష్ట్రానిదే. నేలలోంచి తీసిన ఖనిజం మీద 1969 నుంచి ప్రత్యేకంగా పన్ను వేస్తున్నారు. అందులో కొంత దాచిపెట్టాలని 1974లో రాజ్యాంగాన్ని సవరించి మరీ నిధి పెట్టుకున్నారు. అంతవరకు బుద్ధిమంతుల పనే.

దీన్లోంచి ఒక చిత్రమైన సూత్రం పుట్టింది. ఒక కొత్త గని వస్తే ఖజానా నిండుతుంది. అదే యాభైమంది ఇంజనీర్లతో ఒక కంపెనీ వచ్చిందనుకోండి, వాళ్ల జీతాల్లోంచి సర్కారుకు ఆదాయప్పన్ను పైసా రాదు. పైగా వాళ్లకు పిల్లలుంటారు. ఆ పిల్లలకు బడి కావాలి, బడికి బస్సు కావాలి, బస్సుకు రోడ్డు కావాలి, రోడ్డు మీద మంచు తీయడానికి మనిషి కావాలి, ఆ మనిషికీ పిల్లలుంటారు. బొగ్గు లేస్తే ఆదాయం, మనిషి వస్తే ఖర్చు. ఉద్యోగాలు వస్తే దివాలా తీసే రాష్ట్రం నాకు తెలిసి ఇదొక్కటే.

తాతగారి పింఛను మీద నడిచే ఇల్లు మీరు చూసే ఉంటారు. కొడుకులు అరుగు మీద కూర్చుని, ప్రభుత్వం మన జోలికి రాకూడదని ఉపన్యాసాలిస్తుంటారు. నెల మొదటి తారీఖున మాత్రం తాతను జాగ్రత్తగా రిక్షా ఎక్కించి బ్యాంకుకు తీసుకెళ్తారు. వయోమింగ్‌కు తాత బొగ్గు. 2008లో ఆయన 46 కోట్ల టన్నులకు పైగా ఎత్తిపోశాడు. 2024 నాటికి అందులో సగం కూడా లేదు. సహజవాయువు చవకయింది, గాలిమరలు వచ్చాయి, కరెంటు కంపెనీలు పాత బొగ్గు కేంద్రాలను మూసేస్తున్నాయి. తాతకు ఆయాసం.

ఇలాంటప్పుడు మామూలు ఇళ్లలో అయితే ఎవరో ఒకరు ఉద్యోగం వెతుక్కుంటారు. వయోమింగ్ అలా తొందరపడలేదు. తాతకు జబ్బు చేయడానికి కారణం ఇరుగుపొరుగువాళ్లని తేల్చింది. బొగ్గును ఓడల్లో ఆసియాకు పంపడానికి తీరంలో రేవు కట్టనివ్వలేదని వాషింగ్టన్ రాష్ట్రం మీద, పక్కనున్న మోంటానాతో కలిసి 2020లో సుప్రీంకోర్టుకెక్కింది. 2021లో కోర్టు వినడానికే ఒప్పుకోలేదు. అదే ఏడాది శాసనసభ తమ బొగ్గుకు అడ్డం పడే రాష్ట్రాల మీద దావాలు వేయడానికని 12 లక్షల డాలర్లు కేటాయించింది. కాకా హోటలాయన మీ ఇంటికొచ్చి, ‘ఆదివారం నుంచి నువ్వు మా ఇడ్లీకి రావడం లేదు, కోర్టులో చూసుకుందాం’ అన్నట్టు. గిరాకీ పడిపోతే ఏం చేయాలో ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో ఎన్ని అధ్యాయాలున్నా ఈ ఉపాయం ఒక్కదాంట్లోనూ లేదు.

మూతపెట్టే ముందు బొగ్గు కేంద్రాన్ని అమ్మకానికి పెట్టి తీరాలని 2019లో ఒక చట్టం చేశారు. కొంత కరెంటును బొగ్గు నుంచే తీయాలి, ఆ పొగలోని కార్బన్‌ని పట్టి నేలలో పూడ్చాలి అని 2020లో ఇంకొకటి. పట్టే యంత్రం ఇంకా రాలేదు. దాని కోసం కరెంటు బిల్లులో సర్‌ఛార్జీ మాత్రం వచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, సోమలింగం పేరు మీద బారసాల చందా అన్నమాట. ఇక 2025లో కొందరు రాష్ట్ర సెనేటర్లు కార్బన్ డయాక్సైడ్ అసలు కాలుష్యమే కాదు, దానికి పూర్వవైభవం తేవాలి అంటూ బిల్లు పెట్టారు. ఐదేళ్ల కింద దొంగ అని పట్టుకోమన్నవాణ్ని ఇప్పుడు ఊరేగించాలన్నారు. బిల్లు కమిటీలోనే పోయింది.

మధ్యలో 2023లో ఒక తీర్మానం వచ్చింది. 2035 నుంచి రాష్ట్రంలో కొత్త ఎలక్ట్రిక్ కార్ల అమ్మకం మానేయాలని. కాలిఫోర్నియా పెట్రోలు కార్లు ఆపుతానంటే, దానికి బదులు. అది చట్టం కాదు, ఉత్త సూచన. అదీ కమిటీలోనే ఆగింది. నా అభ్యంతరం వేరే. చట్టసభలే ఇలా వ్యంగ్యం రాయడం మొదలుపెడితే, దాని మీదే నాలుగు రూపాయలు వెనకేసుకునే మాలాంటివాళ్లు ఎలా బతకాలి? మా కోసం ఎవరూ 12 లక్షల డాలర్లు కేటాయించలేదు.

అన్నట్టు, మనిషి సంపాదన మీద లేని పన్ను గాలి మీద ఉంది. గాలిమర తిప్పి తీసిన ప్రతి మెగావాట్ గంటకు ఒక డాలరు. దేశంలోకెల్లా పెద్ద గాలిమరల క్షేత్రాల్లో ఒకటి కట్టేది కూడా ఈ రాష్ట్రంలోనే. ఆ జిల్లా పేరు కార్బన్ కౌంటీ. నేను కల్పించలేదు.

కార్బన్ కౌంటీ గురించి ఇంకొంచెం చెప్పాలి. 1860ల్లో రైలుదారి వేసినవాళ్లకు ప్రభుత్వం ప్రతిఫలంగా భూమి ఇచ్చింది. చదరపు మైలు ముక్క వాళ్లకు, పక్క ముక్క ప్రభుత్వానికి, మళ్లీ వాళ్లకు. అలా దారికి రెండు వైపులా చదరంగం బల్ల పరిచేశారు. నల్లగళ్లు ప్రజల ఆస్తి, తెల్లగళ్లు తర్వాత చేతులు మారి కామందులవి. మరి ఒక నల్లగడి నుంచి ఇంకో నల్లగడికి ఎలా వెళ్లాలి? రెండూ కలిసేది మూల మీదే. చదరంగంలో శకటు ఐమూలగా నడవొచ్చు. వయోమింగ్‌లో మనిషి నడవొచ్చా అన్నది నూటయాభై ఏళ్లు తేలలేదు. ఇలా మూలల దగ్గర తాళం పడిన ప్రజల భూమి లక్షల ఎకరాలు.

ఎల్క్ మౌంటెన్ దగ్గర అలాంటి మూల ఒకటి. చుట్టూ కంచె లేదు. గడ్డి, గాలి, కొండ. సరిగ్గా నాలుగు గళ్లు కలిసే చోట మాత్రం రెండు ఇనప స్తంభాలు, మధ్యన గొలుసు, ప్రవేశం లేదని బోర్డులు. 2021లో మిస్సోరి నుంచి వేటకొచ్చిన నలుగురు మనుషులు అక్కడ ఒక నిచ్చెన వేశారు. స్తంభాలకు ఇటు నుంచి ఎక్కి అటు దిగారు. కామందు నేల మీద ఒక్క కాలూ పడలేదు. కానీ దాటేటప్పుడు వాళ్ల భుజాలు, మోచేతులు ఆయన నేల పైనున్న గాలిలోకి వచ్చాయట! ముందు క్రిమినల్ కేసు పెట్టారు. 2022లో జ్యూరీ వాళ్లు నిర్దోషులంది. ఆ తీర్పు రాకముందే సివిల్ దావా కూడా వేశారు. మనుషులు ఇలా దాటవచ్చని తేలితే ఆస్తి విలువ పడిపోతుంది కాబట్టి నష్టం 70 లక్షల డాలర్ల పైమాటేనని కామందు తరఫు లెక్క. 2025 మార్చిలో ఫెడరల్ అప్పీలు కోర్టు వేటగాళ్ల వైపు తీర్పిచ్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది.

చూశారా, ఇందుకే వ్యోమింగ్ అనాలి. వ్యోమానికి కూడా సరిహద్దు రాళ్లు వేసుకున్న నేల అది. ప్రజల భూమి ఉంది, ప్రజలే లేకపోతే ఏ గొడవా లేదు. నిచ్చెన తెచ్చినవాళ్లే సమస్య అయ్యారు.

ఇప్పుడు జనాభాను మొదట్లోనే అరికట్టే సంగతి. దీని గురించి వయోమింగ్ ఎప్పుడూ గొప్పలు చెప్పుకోదు. 1869లోనే ఆడవాళ్లకు ఓటు హక్కిచ్చిన నేల అది. అప్పటికింకా రాష్ట్రం కూడా కాదు. అమెరికాలో మొదటి మహిళా గవర్నరు నెల్లీ టేలో రాస్ కూడా 1925లో ఇక్కడే. ఆ తర్వాత ఇక్కడ ఇంకో ఆడమనిషి ఆ కుర్చీలో కూర్చోలేదనేది వేరే విషయం. ఆ ఓటు వెనక ఆశయాలెన్ని ఉన్నా, మగవాళ్లతో నిండిపోయిన ఆ ఎడారికి ఆడవాళ్లు వచ్చి కాపురాలు పెడతారన్న ఆశ కూడా ఉందని చరిత్రకారులు రాస్తారు. అంటే అప్పట్లో జనం కావాలనుకున్నారు. పాపం, తెలియని రోజులు.

ఇప్పుడు తెలిసింది. కార్బన్ కౌంటీకి ముఖ్యపట్టణం రాలిన్స్. అక్కడి ఆస్పత్రిలో 2022లో కాన్పులు ఆపేశారు. పురుళ్లు తక్కువైతే డాక్టర్లను, నర్సులను రాత్రింబవళ్లు పెట్టుకోవడం గిట్టదు. పైగా ఫెడరల్ ప్రభుత్వం నూటికి 90 డాలర్లు తాను పెట్టుకుంటానన్నా, పేదల వైద్యం కోసం మెడికెయిడ్ విస్తరణ ఒప్పుకోని పది రాష్ట్రాల్లో ఇదొకటి. నొప్పులొస్తే లారమీకి వెళ్లాలి, దాదాపు 160 కిలోమీటర్లు. దారి ఐ-80 హైవే. మధ్యలో ఇందాకటి ఎల్క్ మౌంటెన్. చలికాలంలో అక్కడి గాలికి లారీలు పక్కకు పడిపోతాయి. అప్పుడు ఊరి చివర దీపాలు మిణుకుమిణుకుమంటూ గేటు పడుతుంది, మన రైల్వే గేటు లాంటిదే. తేడా ఏమిటంటే రైలు పది నిమిషాల్లో వెళ్లిపోతుంది. మంచుగాలి ఎప్పుడు వెళ్తుందో చెప్పదు. ఓటు వేయడానికి ముందు వరసలో నిలబెట్టిన ఆడమనిషిని పురుడు పోసుకోవడానికి గేటు ముందు నిలబెట్టారు.

ధనవంతుల వైపు ప్రయోగం ఇంకా బాగా నడుస్తోంది. టీటన్ కౌంటీలో నూటికి 97 పాళ్లు భూమి ఫెడరల్ ప్రభుత్వానిది. మిగిలిన మూడు పాళ్ల మీద దేశంలోకెల్లా తలసరి ఆదాయం ఎక్కువున్న జనం. ఏటా ఆగస్టులో ప్రపంచ దేశాల కేంద్ర బ్యాంకుల పెద్దలు అక్కడి జాక్సన్ హోల్‌లో కూడి వడ్డీ రేట్ల గురించి మథనపడతారు. వాళ్లకు కాఫీ పోసే అమ్మాయికి ఆ ఊళ్లో గది అద్దెకు దొరకదు. ఐడహో రాష్ట్రం నుంచి కొండ దాటి పనికొస్తుంది. 2024 జూన్ 8న ఆ కొండదారి ఒక చోట నిలువునా జారిపోయింది. మూడు వారాల్లో పక్కనుంచి తాత్కాలిక దారి వేసేశారు! గిన్నెలు కడిగేవాళ్లు రాకపోతే ఏ ఊరికైనా చురుకు పుట్టాల్సిందే.

మరి జనం పోతే పలుకుబడి పోదా అంటారేమో. పోదు, పెరుగుతుంది. అమెరికా సెనేట్‌లో 3.95 కోట్లమంది ఉన్న కాలిఫోర్నియాకు ఇద్దరు సెనేటర్లు, వయోమింగ్‌కూ ఇద్దరే. 68 మంది కాలిఫోర్నియా వాళ్లు కలిస్తే ఒక్క వయోమింగ్ వాడికి సమానం. ఇంకో లక్షమంది వెళ్లిపోతే మిగిలినవాళ్ల బరువు ఇంకా పెరుగుతుంది. పిట్ట కొంచెం, కూత ఘనం.

వెళ్లిపోయినవాళ్ల స్థానంలోకి మెరుగైన పౌరులు వచ్చేస్తున్నారు కూడా. యజమాని బాధ్యత పెట్టుబడి వరకే ఉండే ఎల్ఎల్‌సీ అనే తరహా కంపెనీకి అమెరికాలో మొదట చట్టం చేసింది 1977లో ఈ రాష్ట్రమే. షెరిడాన్ అనే చిన్న ఊళ్లో ఒకే ఒక్క చిరునామా మీద వేల కంపెనీలు కాపురం ఉంటున్నాయి. హైదరాబాద్‌లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో వయోమింగ్ కంపెనీ పెట్టిన మన కుర్రాళ్లను అడగండి. ఆ రాష్ట్రం మ్యాప్‌లో ఎక్కడుందో చెప్పలేరు. కంపెనీకి పురుడు పోయక్కర్లేదు, బడి అక్కర్లేదు, మంచు తీయక్కర్లేదు. 2025లో షాయెన్ దగ్గర ఒక డేటా సెంటర్ కట్టాలని ప్రతిపాదించారు. దానికొక్కదానికే రాష్ట్రంలోని ఇళ్లన్నింటికీ కావలసినదాని కంటే ఎక్కువ కరెంటు కావాలట. ఇంత తినేవాడు వస్తున్నాడంటే తాతకు మళ్లీ ఊపిరొచ్చినా ఆశ్చర్యం లేదు.

ఆదర్శ పౌరుడు మాత్రం డగ్లస్ ఊళ్లో ఉన్నాడు. జాకలోప్. అంటే జింక కొమ్ములున్న కుందేలు. మన పెద్దలు లేనిదాన్ని కుందేటి కొమ్ము అన్నారు. వీళ్లు దానికి ఊళ్లో విగ్రహం పెట్టారు. రాష్ట్రానికి అధికారిక పౌరాణిక జంతువుగా ప్రకటించాలని శాసనసభలో పలుమార్లు బిల్లులూ పెట్టారు. పైసా ఖర్చు లేని ఆ ఒక్క బిల్లు మాత్రం నెగ్గదు. దాన్ని వేటాడటానికి ఆ ఊళ్లో లైసెన్సు కూడా ఇస్తారు. వేట జూన్ 31న మాత్రమే. వేటగాడి ఐక్యూ 72 దాటకూడదు.

నేను దరఖాస్తు పెట్టాను. ఐక్యూ రుజువుగా ఈ వ్యాసం జత చేశాను. ఆ రోజు డగ్లస్‌లో లాడ్జి దొరుకుతుందో లేదోనని ఒకటే టెన్షన్. ఫోన్ చేస్తే, ఆ తారీఖుకు ఇంతవరకు ఒక్క గదీ బుక్ కాలేదన్నారు.