ఆ చందా పట్టీ కొంచెం పక్కకి జరపండి సార్

ఎవరైనా ఫ్రీగా వెబ్‌కామిక్స్, అంటే నెట్‌లో పేజీ పేజీగా వచ్చే బొమ్మల కథలు, పెట్టుకునే సైట్ ఒకటుంది, పేరెందుకులెండి, దాని నెత్తిన వేలెడంత పచ్చ పట్టీ ఉంటుంది. ఈ నెల సర్వర్ బిల్లుకి చందాలు ఎంతవరకు వచ్చాయో చూపిస్తుంది, నెలాఖరు వచ్చినా సగం దాటిన పాపాన పోదు. మొన్న ఆ పట్టీ మీద ఒకాయన కంప్లైంట్ పెట్టాడు. నాది డార్క్ ఫాంటసీ కామిక్, మీ పచ్చ రంగు వల్ల రీడర్లకి మూడ్ చెడిపోతోంది, దయచేసి తీసేయగలరు అని. ఆయన ఏళ్ళ తరబడి అక్కడ పేజీలు పెడుతున్నాడు, ఆ పట్టీలో ఆయనది ఒక్క పైసా కూడా లేదు.

నేనైతే ఆయన పక్షమే. అడుక్కునేవాడికి ఆ మాత్రం కలర్ సెన్స్ ఉండొద్దా? నా తరఫున ఇంకొన్ని సవరణలు కూడా రాసుకోండి. పట్టీ ఎప్పుడూ పేజీ బ్యాక్‌గ్రౌండ్ రంగులోనే ఉండాలి, అంటే కనబడకూడదు. ఖర్మగాలి ఎవరైనా నొక్కితే పేమెంట్ పేజీకి కాకుండా ఆ కామిక్ ఫ్యాన్ ఆర్ట్ పేజీకి పోవాలి. అప్పటికీ ఎవరైనా డబ్బులిచ్చేస్తే 'మీ మనోభావాలు దెబ్బతిన్నందుకు చింతిస్తున్నాం' అని సైట్ ఓనర్ స్వయంగా మెయిల్ పెట్టాలి.

అయినా ఆ ఓనర్‌కి ఖర్చేముంటుంది చెప్పండి. పగలు ఉద్యోగం, రాత్రి సర్వర్, అంతేగా. కథలు, కవితలు అయితే ఉత్త అక్షరాలు, కేబీల్లో పోతాయి, కామిక్ అంటే ప్రతి పేజీ ఒక బొమ్మ. మన డార్క్ ఫాంటసీ గారి లేటెస్ట్ పేజీ చూశాను, పేజీ మొత్తం నలుపు, మధ్యలో ఒక బెలూన్, బెలూన్లో మూడు చుక్కలు, అంతే. ఉత్త నలుపైతే ఫైల్ చిన్నగానే వచ్చేది, ఆయన దాని మీద ఇసుక చల్లినట్టు సన్నటి గ్రెయిన్ టెక్స్చర్ వేసి ప్రింట్ సైజులో పీఎన్‌జీ ఫైల్ ఎక్కించాడు, ఇక అది పీఎన్‌జీ కంప్రెషన్‌కి ఓ పట్టాన లొంగదు, ఫైల్ బరువు తగ్గదు. ఆ మూడు చుక్కల్ని రీడర్లతో పాటు ఏఐ కంపెనీల బాట్లు, అంటే వాటంతటవే సైట్లు తిరిగి పేజీలు లాక్కునే ప్రోగ్రాములు కూడా పొద్దస్తమానం డౌన్‌లోడ్ చేసుకుంటుంటాయి. వికీపీడియా నడిపే వికీమీడియా అంత పెద్ద సంస్థే 2025 ఏప్రిల్‌లో మొత్తుకుంది, 2024 జనవరి నుంచి తమ బొమ్మలు, వీడియోల డౌన్‌లోడ్ బ్యాండ్‌విడ్త్ 50 శాతం పెరిగిందని, బాగా ఖరీదైన ట్రాఫిక్‌లో 65 శాతం బాట్లదేనని. వాళ్ళకే అలా ఉంటే ఒంటిచేత్తో సైట్ నడిపేవాడి సంగతి ఏంటో అడక్కండి, మూడ్ చెడిపోతుంది.

ఇక సర్వర్ పడిపోయిన రోజు చూడాలి మన ప్రజాస్వామ్యం. అనుకోండి, ఆదివారం రాత్రి సైట్ డౌన్. పది నిమిషాల్లో సైట్ వాళ్ళ డిస్కార్డ్ చాట్ గ్రూప్‌లో ప్రజాదర్బార్ మొదలవుతుంది, ముందస్తు నోటీస్ లేకుండా సర్వర్ ఎలా క్రాష్ అవుతుంది అని ఒకడు, ఈ సైట్ నేనైతే వీకెండ్లో రాసి పడేస్తా అని ఇంకొకడు (ఏ వీకెండో ఇంతవరకు చెప్పలేదు), అసలు చందాలన్నీ ఏం చేస్తున్నారో లెక్కలు బయటపెట్టాలి అని మూడోవాడు, వీడి చందా సున్నా అని వేరే చెప్పాలా, దాంతో నిజనిర్ధారణ కమిటీ వేద్దాం అంటారు, కమిటీకి చైర్మన్ కావాలి, చైర్మన్ నిష్పక్షపాతంగా ఉండాలి కాబట్టి రూపాయి ఇచ్చినవాళ్ళెవరూ పనికిరారు, వైస్ చైర్మన్లు ఇద్దరు, కమిటీ అన్నాక లోగో ఉండాలి, అందరూ ఆర్టిస్టులే కదా, నలభై లోగోలొస్తాయి, వాటికి పోలింగ్, పోలింగ్‌లో రిగ్గింగ్ జరిగిందని ఒక వర్గం వాకౌట్ చేసి పోటీ కమిటీ పెట్టుకుంటుంది, వాళ్ళకి మళ్ళీ లోగో. ఈలోపు ఆ ఓనర్ మానవుడు తెల్లారి ఆఫీసుకి పోయే క్యాబ్‌లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఫోన్ హాట్‌స్పాట్ మీద బ్యాకప్ ఎక్కిస్తుంటాడు. సైట్ వచ్చేస్తుంది. ఎవరూ గమనించరు, రెండో రౌండ్ ఓటింగ్ నడుస్తోంది.

యాడ్స్ వేసుకోవచ్చుగా అంటారు మేధావులు, బ్రౌజర్లో యాడ్ బ్లాకర్ ఆన్ చేసుకుని మరీ. అదీ చూశాం. తనూ వెబ్‌కామిక్ నడుపుతూ వాళ్ళ బాధ తెలిసిన ర్యాన్ నార్త్ 2006లో ప్రాజెక్ట్ వండర్‌ఫుల్ అని పెట్టాడు, యాడ్ స్థలాన్ని రోజు లెక్కన వేలం వేసేవాళ్ళు, చిన్న కామిక్స్‌కి అదే తిండి గింజ. 2018 ఆగస్టులో అదీ మూతపడింది. ఆర్టిస్టులకి నెలనెలా చందాలు వసూలు చేసిపెట్టే పేట్రియాన్ 2017 డిసెంబర్‌లో ఇంకో ముచ్చట చేసింది, ప్రతి చందా మీద ఇచ్చేవాడి దగ్గరే 2.9 శాతం ప్లస్ 35 సెంట్లు అదనంగా లాగుతాం అంది. అంటే ఒక్క డాలర్ ఇచ్చేవాడికి 1.38 పడుతుంది. పెద్ద చందాదారుడికి చీమ కుట్టినట్టయినా ఉండదు, డాలర్ బ్యాచ్‌కి మాత్రం వాత, ఇలాంటి సైట్లని మోసేది ఆ డాలర్ బ్యాచే. జనం తిరగబడితే వారం తిరక్కుండానే వెనక్కి తగ్గారు, కానీ అప్పటికే చాలామంది చందాలు మానేశారు.

సరే, చందాలు రావు, యాడ్స్ రావు, అప్పుడు ఓనర్ ఏం చేస్తాడు? అమ్మేస్తాడు. 2002లో పుట్టిన డ్రంక్ డక్ అనే వెబ్‌కామిక్స్ సైట్‌ని 2006లో ఒక కంపెనీ కొంది, 2010లో ఇంకో కంపెనీ చేతికి పోయింది, అదృష్టం బావుండి బతికి బట్టకట్టింది. అలాంటిదే ఇంకో సైట్ స్మాక్‌జీవ్స్‌కి ఆ అదృష్టం కూడా లేదు. 2005లో మొదలైంది, చేతులు మారి కొరియా కంపెనీ కిందికి పోయింది, కొత్త హంగులన్నారు, 2020 డిసెంబర్ 31న తాళం వేసి పోయారు. పదిహేనేళ్ళ పేజీలండీ. స్కూల్ పిల్లలుగా వచ్చి, చేతివేళ్ళు గీయడం రాక ప్రతి పాత్ర చేతుల్నీ జేబుల్లో దాచేసి, నూటయాభయ్యో పేజీ దగ్గర మొదటిసారి సరైన అరచెయ్యి గీసినవాళ్ళు ఉంటారు అలాంటి చోట, ఇంట్లో ఎవరికీ చూపించుకోలేక అక్కడ ముగ్గురు రీడర్లు చూస్తే చాలనుకుని రాత్రిళ్ళు కూర్చుని గీసినవాళ్ళు. అవన్నీ ఒక్క తాళంతో తుడిచేశారు. అప్పుడు దిగారు మనవాళ్ళు, అయ్యో నా బాల్యం, ఎవరైనా ఆపాల్సింది, అంటూ కొవ్వొత్తి ఎమోజీలతో. సిగ్గుండాలి కదా! నిజం కొవ్వొత్తికైనా ఐదు రూపాయలవుతాయి, ఎమోజీకి కావు కాబట్టి వరసగా పది పెట్టారు. ఎవరైనా ఆపాల్సిందట. ఆ ఎవరైనా నువ్వేరా నాయనా, నెలకి ఒక కాఫీ డబ్బుల్తో అయిపోయేది, నీకప్పుడు పట్టీ రంగు నచ్చలేదు.

ఇందులో మన ఇండియా వాళ్ళకి మాత్రం ఒక అసలుసిసలు సాకు దొరికింది. 2021 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ రూల్ వచ్చి, నెలనెలా దానంతటదే కట్ అయ్యే పేమెంట్లకి ఈ-మాండేట్, అంటే కార్డు ఉన్నవాడు ముందే ఇచ్చే అనుమతి, ఉండాలన్నారు, దాంతో విదేశీ సైట్ల దగ్గర మన కార్డులు టపటపా డిక్లైన్ అయ్యాయి. నిజంగా ఇచ్చేవాళ్ళు పాపం కార్డులు మార్చుకుంటూ తిప్పలు పడ్డారు. ఆ సాకు మాత్రం అంతకుముందు ఒక్క నెల కూడా ఇవ్వనివాళ్ళకి భలే కలిసొచ్చింది, ఇద్దామనే ఉంది బ్రో, ఆర్‌బీఐ ఒప్పుకోవట్లేదు అంటారు. ఒకడితో చెప్పాను, ఆ రూల్ నెలనెలా కట్ అయ్యేవాటికి రా, ఒక్కసారి పంపేదానికి కాదు, ఓటీపీ కొట్టి పంపెయ్ అని.

ఓటీపీ రాలేదు బ్రో అన్నాడు.