బటన్లను పేరు పెట్టి పిలిచే హక్కు

మొబైల్ యాప్‌లు రాసేవాళ్ల హక్కుల్లో ఒకదానికి ముప్పు వచ్చిపడింది. తెర మీది బటన్‌ను, యాప్ నడుస్తుండగానే, పేరు పెట్టి పిలిచి పట్టుకునే హక్కు అది. దీన్ని వాడేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, సమర్థిస్తూ నోరు విప్పేవాళ్లే లేరు. కోడ్ రివ్యూలో, అంటే తోటివాళ్లు కోడ్ చదివి చూసేటప్పుడు, ఆ లైన్ దగ్గరికి రాగానే తల దించుకుని 'తర్వాత మారుస్తాను' అంటారు. అంత సిగ్గుపడాల్సిన పనేమీ లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

ఆండ్రాయిడ్‌లో, తెర మీద ఏది ఎక్కడుండాలో రాసే లేఅవుట్ ఫైల్లో ఒక్కో బటన్‌కూ ఒక ఐడీ పెడతాం. బిల్డ్ చేసేటప్పుడు, అంటే కోడ్‌ను యాప్‌గా మార్చేటప్పుడు, ఆ పేర్లన్నీ 'ఆర్' అనే క్లాసులో చేరి, ఒక్కోటీ ఒక 32 బిట్ల సంఖ్య అయి కూర్చుంటుంది. తెర మీది బటన్ లాంటి వస్తువును, అంటే వ్యూను, వెతికి తెచ్చే 'ఫైండ్ వ్యూ బై ఐడీ'కి ఆ సంఖ్యే కావాలి. మనం ముచ్చటపడి పెట్టిన పేరు పోయి, ఊరూ పేరూ లేని అంకె మిగులుతుంది. ఈ అన్యాయానికి విరుగుడుగా ప్లాట్‌ఫామే 'గెట్ ఐడెంటిఫయర్' అనే ఫంక్షన్ ఇచ్చింది. పేరును మామూలు స్ట్రింగ్‌గా, అంటే కొటేషన్ల మధ్య అక్షరాలుగా, అందిస్తే సంఖ్య వెతికి పెడుతుంది. ఇచ్చిన చేత్తోనే, దీన్ని వాడకపోవడం మంచిదనీ, పేరుతో వెతకడం కన్నా ఐడీతో తెచ్చుకోవడమే మేలనీ డాక్యుమెంటేషన్‌లో రాసిపెట్టారు. రాశారు గానీ తీసెయ్యలేదు. మన అవసరం వాళ్లకీ తెలుసన్నమాట.

ఈ పద్ధతి అందమంతా లూపులో, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్‌లో, ఉంది. చదరంగం యాప్ రాస్తున్నారనుకోండి, 64 గడులు. ఆ 64 ఐడీలనూ వరసగా అరే అనే జాబితాలో రాసుకోమంటారు ఛాందసులు. కాసేపు కూర్చుంటే అయిపోయే పనే, కాదనను. కానీ కూర్చోవాలి కదా! 'గడి_' అనే స్ట్రింగ్ పక్కన లూపులో 1, 2, 3 అంటూ తిరిగే ఐ విలువ అంటించి పిలిస్తే మూడు లైన్లలో బోర్డంతా చేతికొస్తుంది. ఈలోగా లేఅవుట్ రాసిన సహోద్యోగి, ఫైల్లో వరస చూడ్డానికి బాగుంటుందని గడి_1 బదులు గడి_01 అని పెట్టాడు. కోడ్‌ను తర్జుమా చేసే కంపైలర్ నోరెత్తదు, కొటేషన్ గుర్తుల మధ్య ఏముందో దానికి అనవసరం. గెట్ ఐడెంటిఫయర్ కూడా గొడవ పెట్టుకోదు, అలాంటివాళ్లెవరూ ఇక్కడ లేరనడానికి గుర్తుగా 0 ఇచ్చి ఊరుకుంటుంది. ఫైండ్ వ్యూ బై ఐడీ ఆ 0ను వినయంగా అందుకుని, తెరంతా గాలించి, నల్, అంటే ఏమీ లేదన్న జవాబు, తెచ్చిస్తుంది. ఆ నల్‌కు మనం, నొక్కితే ఏం జరగాలో చెప్పే క్లిక్ లిజనర్ తగిలించబోతాం. యాప్ కుప్పకూలుతుంది. ఇన్ని చేతులు మారినా దారిలో ఎవరూ ఎవర్నీ ఒక్క మాటన్నది లేదు. కూలిన చోటు చెప్పే స్టాక్ ట్రేస్ కూడా లిజనర్ ఉన్న లైన్‌నే చూపిస్తుంది తప్ప లేఅవుట్ ఫైల్ పేరెత్తి దాన్ని బజారుకీడ్చదు.

క్రాష్ అంటే టెన్షన్ పడేవాళ్లకు కోట్లిన్ భాషలో ఇంకా మంచి ఉపాయం ఉంది. చుక్కకు ముందు ఒక ప్రశ్నార్థకం పెడితే చాలు, నల్ ఎదురైతే ఆ పని వదిలేసి ముందుకు పోతుంది. ఇక యాప్ కూలదు. మొదటి తొమ్మిది గడులు మాత్రం ఎంత నొక్కినా పలకవు. అది ఆటలో కొత్త నియమమేమోనని యూజర్ సర్దుకుపోతాడు.

ఐడీని నేరుగా రాస్తే పేరు తప్పిన మరుక్షణం బిల్డే ఆగిపోతుందని అవతలివాళ్లు గొప్పగా చెబుతారు. సరిగ్గా అదే దాని లోపం. తప్పు రాసినవాడి బల్ల దాటి బయటికి పోదు. టెస్టర్‌కు పని దొరకదు, యాప్ స్టోర్‌లో ఒక్క నక్షత్రం ఇవ్వడానికి యూజర్‌కు కారణం దొరకదు. పైగా ఐడీ పేరు మారిస్తే ఆండ్రాయిడ్ స్టూడియో అది వాడిన చోటల్లా తనే మార్చేస్తుందట. లూపులో ముక్కలు అతికించి తయారు చేసిన పేరును మాత్రం అది గుర్తుపట్టలేదు. అంతటి పరికరానికి కూడా దొరక్కుండా కోడ్ రాయడం అందరి వల్లా అయ్యే పనా?

సర్వర్ నుంచి పేరొస్తే అప్పుడేం చేస్తారని అవతలివాళ్లనే అడిగి చూశాను. ఏ పేరుకు ఏ ఐడీయో మ్యాప్ అనే పట్టికలో రాసుకోమన్నారు. అప్పుడు మ్యాప్‌లో లేని పేరొస్తే ఏం చెయ్యాలో ముందే ఆలోచించుకోవాల్సి వస్తుంది. రిలీజ్ కాకముందే అంత ఆలోచన ఆరోగ్యానికి మంచిది కాదు.

యూజర్లకు పంపే రిలీజ్ బిల్డులో వాడని బొమ్మలను ఏరి పారేసే రిసోర్స్ ష్రింకర్ అనే పెద్దమనిషిని చూడాలి. మన కోడ్‌లో 'బొమ్మ_' పక్కన అంకె అంటించి గెట్ ఐడెంటిఫయర్‌ను పిలవడం దాని కంటపడితే హడలిపోతుంది. వీటిలో ఏది ఎప్పుడు పిలుస్తారోనని ఆ అక్షరాలతో మొదలయ్యే బొమ్మలన్నిటినీ, వాడనివాటితో సహా, అలాగే ఉంచేస్తుంది. యాప్ సైజు తగ్గదు. తగ్గాల్సిందేనని, కోడ్‌లో నేరుగా పేరు కనబడనివాటిని తీసేసే స్ట్రిక్ట్ మోడ్ పెట్టామా, అవసరమైనవి కూడా ఊడ్చిపెట్టుకుపోతాయి. మనం పరీక్షించుకునే డీబగ్ బిల్డులో చక్కగా కనబడిన బొమ్మ రిలీజ్‌లో మాయమవుతుంది. అప్పుడు వాటన్నిటి పేర్లూ, తీసెయ్యకూడనివాటిని చెప్పే కీప్ ఫైల్లో రాసిపెట్టాలి. అంటే మొదట్లో బద్ధకించి రాయని జాబితానే ఇప్పుడు ఇంకో ఫైల్లో రాస్తున్నామన్నమాట. ఎవరైనా అలా అంటే వినిపించుకోకండి.

ఐఫోన్ వైపు పిలుపు అంకెతో. అక్కడ ట్యాగ్ ఇచ్చి 'వ్యూ విత్ ట్యాగ్' అని పిలవాలి. ఏ ట్యాగూ ఇవ్వకపోతే అందరి ట్యాగూ 0యే. కాబట్టి ఒక వ్యూను పట్టుకుని, నీ లోపల 0 ట్యాగ్ ఉన్నవాళ్లెవరని అడిగితే అది తననే తెచ్చి మన చేతిలో పెడుతుంది. ఆండ్రాయిడ్ జాబితాల్లో ఇంకో తమాషా ఉంది, ప్రతి వరసలోనూ అదే ఐడీ. గుంపులో నిలబడి 'ఏమండీ' అని కేకేసినట్టే. తిరిగిచూసిన మొదటివాడితోనే మన పని.

ఇంత సదుపాయంగా ఉన్నదాని మీద కుట్రలు ఇవాళ్టివి కావు. 2017లో ఆండ్రాయిడ్ 8తో పాటు, దొరికిన వ్యూ బటనో కాదో మనం క్యాస్ట్ చేసి, అంటే దాని రకం కోడ్‌లో రాసి, చెప్పే పని తీసేశారు. 2020లో వ్యూ బైండింగ్ తెచ్చి, లేఅవుట్లో ఉన్న ఐడీలన్నిటినీ రకంతో సహా తయారుగా అందించారు. వెతుకులాటలో ఉన్న సస్పెన్స్ పోయింది. 2021లో, లేఅవుట్ ఫైల్ లేకుండా తెరను కోడ్‌లోనే రాసే జెట్‌ప్యాక్ కంపోజ్ 1.0 వచ్చాక ఐడీలే అక్కర్లేకుండా పోయాయి. డేటా మారితే తెర దానంతటదే మారుతుంది, ఎవర్నీ వెతికి పట్టుకునే పని లేదు.

మన సంప్రదాయం అక్కడితో ఆగిపోతుందని దిగులుపడ్డాను. అనవసరంగా. కంపోజ్‌లో టెస్టుల కోసం టెస్ట్ ట్యాగ్ అని ఒకటుంది. తెర మీద దేనికైనా ఒక స్ట్రింగ్ తగిలించి, టెస్టులో అదే స్ట్రింగ్‌తో పిలవొచ్చు. ఈమధ్య ఒక ప్రాజెక్టులో ఆ స్ట్రింగ్ పక్కన లూపులో తిరిగే ఐ విలువ అంటించి ఉండటం కళ్లారా చూశాను. లెక్క 0 నుంచి మొదలుపెట్టాలా 1 నుంచా అన్నది మాత్రం ఇంకా తేలలేదట. ఈలోగా ఆ టెస్టును నడవకుండా కామెంట్లో పెట్టేశారు.