సముద్రం కింది సొరంగం గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఛానల్ సొరంగం గారికి,

ఉభయకుశలోపరి. ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య సముద్రం కింద రైళ్లు నడిచే దారి కదా మీరు, 'మహారాజశ్రీ' అన్నందుకు మీ ఫ్రాన్స్ సగం నొచ్చుకోకూడదు, అక్కడ రాజుల్ని ఎప్పుడో దించేశారని తెలుసు. ఇంగ్లండ్ ఒడ్డున ఫోక్‌స్టోన్ వైపు సగానికే ఆ గౌరవం అనుకోండి.

లండన్ నుంచి పారిస్ వెళ్తూ ఈ మధ్యే మొదటిసారి మీలోంచి వచ్చాను. సముద్రం కింద రైలంటే గాజు గోడలు, అవతల చేపలు ఉంటాయనుకుని పట్టుబట్టి కిటికీ పక్క సీటు తీసుకున్నా. తీరా చూస్తే చీకటి, అద్దంలో నా మొహం. సముద్రపు నేలకి ఇంకా కిందన, సుద్దరాతి పొరలో తొలిచిన గొట్టం మీరు. అందులో చేపలేమిటని పక్క సీటాయన నవ్వాడు. ఇరవై నిమిషాలకు వెలుతురొచ్చింది. అమ్మకి ఫోన్ చేస్తే, "పైనుంచి నీళ్లు కారలేదా నాయనా?" అంది. ఊటనీళ్లు తోడే పంపులున్నాయని చెప్తే ఇంకా భయపడింది.

మీ పుట్టుక కథ చదివాక మీ మీద జాలేసింది. 1802లో ఒక ఫ్రెంచి ఇంజనీరు నూనె దీపాలు, గుర్రబ్బళ్లతో మిమ్మల్ని ఊహించాడు. 1880ల్లో నిజంగానే రెండు ఒడ్డుల నుంచీ తవ్వడం మొదలుపెట్టి, చెరో ఒకటిన్నర కిలోమీటరు దాటాక ఆపేశారు. ఎందుకయ్యా అంటే, ఫ్రెంచి సైన్యం సొరంగంలోంచి నడుచుకుంటూ వచ్చేస్తుందని ఇంగ్లండ్ సేనానుల టెన్షన్! 1975లో డబ్బుల్లేవని మళ్లీ ఆపారు. చివరికి 1994 మే 6న ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ గారు, ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాఁ గారు కలిసి ప్రారంభించారు. పొడవు 50 కిలోమీటర్లు, అందులో 38 సముద్రం కిందే.

ఇక మర్యాదల సంగతి. ఫ్రాన్స్ వైపు గంటకు 300 కిలోమీటర్లు, మీలో 160. ఇంగ్లండ్ గట్టెక్కాక మొదట్లో మామూలు లోకల్ రైళ్ల పట్టాల మీదే దేకాలి. అక్కడ తీరిగ్గా పల్లె అందాలు చూసుకోవచ్చని మిత్తరాఁ గారు అప్పుడే ఎకసెక్కమాడారు. పైగా 2007 దాకా లండన్‌లో ఫ్రెంచివాళ్లని దింపిన స్టేషన్ పేరు వాటర్లూ, వాళ్ల నెపోలియన్ ఓడిపోయిన యుద్ధం పేరు! వియ్యాలవారిని పిలిచి, వాళ్ల తాత ఓడిపోయిన దావా పేరు పెట్టిన ఇంట్లో విడిది ఇచ్చినట్టు లేదూ?

అసలు నా గోడు వేరే. ఆనాడు సైన్యానికి భయపడ్డారు, సరే. ఈనాడు ఒక సూట్‌కేసు, అందులో ఒక ఆవకాయ సీసా ఉన్న నాకెందుకు భయపడాలి? నాది ఇండియా పాస్‌పోర్టు. లండన్‌లో ఉండటానికి ఒక వీసా, మీ అవతలి గుమ్మం దాటడానికి ఇంకొకటి. దానికి 90 యూరోలు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, హోటల్ బుకింగు, ఆఫీసు ఉత్తరం. అపాయింట్‌మెంటు కోసం రాత్రి పన్నెండింటికి అలారం పెట్టుకుని లేచా. కౌంటర్లో ఆవిడ నా జీతం అంకె చూసి, నన్ను చూసి, మళ్లీ అంకె చూసింది. మా పెళ్లిచూపుల్లో మామగారు కూడా ఇంతసేపు చూడలేదు.

ప్రయాణం రెండుంబావు గంటలు. కాగితాలకు ఏడు వారాలు. స్టేషన్లో మళ్లీ గంటన్నర ముందే వరస. లండన్ నడిబొడ్డునే ఫ్రెంచి పోలీసు పాస్‌పోర్టు చూస్తాడు, పారిస్‌లో ఎక్కబోతే ఇంగ్లిషు అధికారి చూస్తాడు. రైలు కదలకముందే దేశం దాటించేస్తున్నప్పుడు మిమ్మల్నెందుకు తవ్వినట్టు? పదకొండు పెద్ద యంత్రాలు సముద్రం కింద రాయి తొలిచాయట. ఒక్కదాన్ని ఆ కౌంటర్ వైపు తిప్పి ఉండాల్సింది.

ఇదంతా మీ తప్పని కాదు. మీరు మాత్రం నోరెత్తకుండా ఇరవై నిమిషాల్లో దాటించారు.

మళ్లీ వద్దామని ఫారం నింపుతున్నా. అక్కడ ఎవరిని కలుస్తారని అడిగారు. మీ పేరు రాశాను. చిరునామా గడిలో ఏ దేశం రాయమంటారు?

ఇట్లు,
కిటికీ సీటు బాధితుడు