ఎవరో తెలియదట, క్షమాభిక్ష మాత్రం ఇచ్చారట!

‘ఆయనెవరో నాకు తెలియదు.’ అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సీబీఎస్ టీవీ ఇంటర్వ్యూలో అన్న మాట ఇది. ఆ తెలియని మనిషి చాంగ్‌పెంగ్ జావో. ప్రపంచంలోనే అతిపెద్ద క్రిప్టో ఎక్స్ఛేంజీ (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కరెన్సీలు కొని అమ్మే వేదిక) బినాన్స్ సహ వ్యవస్థాపకుడు. మనీలాండరింగ్‌ను అడ్డుకునే ఏర్పాట్లు చేయలేదని కోర్టులో తానే ఒప్పుకుని నాలుగు నెలలు జైల్లో గడిపినవాడు. అతనికి క్షమాభిక్ష ఇచ్చినట్టు వైట్‌హౌస్ 2025 అక్టోబరు 23న ప్రకటించింది. పది రోజులకే అధ్యక్షుల వారికి మనిషే గుర్తు లేకుండా పోయాడు. మన ఊళ్లో పంచాయతీ కార్యదర్శి కూడా ఇంటి పన్ను రసీదు మీద సంతకం పెట్టేముందు పేరు చదువుతాడు.

జావో జీవితంలో మెచ్చుకోవాల్సింది లేదని అనం. చైనాలోని జియాంగ్సులో పుట్టి, పన్నెండేళ్లకు కుటుంబంతో కెనడా చేరాడు. చదువుకునే రోజుల్లో మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేశాడు. ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తూ పైకొచ్చాడు. 2014లో షాంఘైలోని ఫ్లాట్ అమ్మేసి ఆ డబ్బు బిట్‌కాయిన్‌లో పెట్టిన తెగువ అతనిది. 2017లో బినాన్స్ మొదలుపెడితే కొద్ది నెలల్లోనే అది ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది.

అంత వేగంగా ఎలా ఎదిగిందో అమెరికా న్యాయ, ఆర్థిక శాఖల పత్రాల్లోనే ఉంది. లక్షకు పైగా అనుమానాస్పద లావాదేవీల గురించి బినాన్స్ అధికారులకు తెలియజేయలేదు. వాటిలో హమాస్, అల్‌ఖైదా, ఐసిస్‌లతో ముడిపడినవీ ఉన్నాయి. ఆంక్షలున్న ఇరాన్‌లోని వాళ్లకూ అమెరికన్లకూ మధ్య దాదాపు 90 కోట్ల డాలర్ల ట్రేడింగ్ సాగింది. ‘డ్రగ్స్ సొమ్ము ఉతుక్కోవడం కష్టంగా ఉందా, బినాన్స్‌కు రండి, కేకు పెడతాం అని బ్యానర్ కట్టాలి’ అంటూ ఓ ఉద్యోగి జోకు రాశాడు. నిబంధనల అమలు చూడాల్సిన విభాగంలోని ఉద్యోగి అతను! ‘అనుమతి అడగడం కంటే తర్వాత క్షమాపణ చెప్పుకోవడం మేలు’ అని జావో తన సిబ్బందికి చెప్పేవాడని ప్రాసిక్యూటర్లు కోర్టుకు నివేదించారు. ఇప్పుడు క్షమాపణను మించిన క్షమాభిక్షే దొరికింది.

జావో ఎవరి సొమ్మూ కాజేయలేదని, ఇలాంటి ఒకే ఒక్క అభియోగంపై జైలుకెళ్లింది తనొక్కడేనని, బైడెన్ ప్రభుత్వం క్రిప్టో మీద కక్ష కట్టిందని అతని వర్గం, వైట్‌హౌస్ వాదిస్తున్నాయి. ప్రాసిక్యూటర్లు మూడేళ్లు అడిగితే జడ్జి నాలుగు నెలలే వేశారు. అంతకంటే ఏం కనికరం కావాలి?

మా ఆందోళన జావో ఒక్కడి గురించి కాదు. అబుదాబికి చెందిన పెట్టుబడి సంస్థ ఎంజీఎక్స్ 2025లో బినాన్స్‌లో 200 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది. ఆ సొమ్మును యూఎస్‌డీ1 అనే స్టేబుల్‌కాయిన్‌లో, అంటే డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో నాణెంలో చెల్లించింది. ఆ కాయిన్‌ను తెచ్చింది ట్రంప్ కుటుంబానికి వాటా ఉన్న క్రిప్టో కంపెనీ వరల్డ్ లిబర్టీ ఫైనాన్షియల్. ఇంటి వ్యాపారానికి అంత గిరాకీ తెచ్చిన సంస్థలో పెద్ద వాటాదారుకే క్షమాభిక్ష వచ్చింది. దీనికీ దానికీ సంబంధం లేదంటున్నారు. సంబంధం లేదని చెప్పుకోవాల్సిన పరిస్థితి తెచ్చుకోవడమే తప్పు.

పైగా ఇది మొదటిది కాదు. మనీలాండరింగ్‌ను అడ్డుకునే ఇదే చట్టం కింద నేరం ఒప్పుకున్న మరో క్రిప్టో ఎక్స్ఛేంజీ బిట్‌మెక్స్ సహ వ్యవస్థాపకులు ముగ్గురికీ 2025 మార్చిలోనే మాఫీ అయింది. ఆ కంపెనీకి కూడా! మోసం కేసులో 25 ఏళ్ల శిక్ష పడిన, కుప్పకూలిన క్రిప్టో ఎక్స్ఛేంజీ ఎఫ్‌టీఎక్స్ సహ వ్యవస్థాపకుడు శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్ తల్లిదండ్రులు కూడా ఇదే దారి వెతుకుతున్నట్టు 2025 మొదట్లోనే వార్తలొచ్చాయి. రేపు ఫిన్‌టెక్ కంపెనీ పెట్టే కుర్రవాడికి దీన్నుంచి అందే పాఠం ఏమిటి? చట్టం దాటు, వేగంగా పెరుగు, దొరికితే జరిమానా కట్టు, ఆ తర్వాత పెద్దింటి వాళ్లతో వ్యాపారం కలుపు.

అమెరికాలో అధ్యక్షుడి క్షమాభిక్షను కోర్టులు దాదాపు ముట్టుకోలేవు. మన దగ్గర అలా కాదు. ఓ కాంగ్రెస్ నాయకుడికి ఆంధ్రప్రదేశ్ గవర్నర్ శిక్ష తగ్గిస్తే, 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అతను మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట ఫైల్లో కనిపించడం కోర్టుకు ఏమాత్రం రుచించలేదు. మనం గొప్పవాళ్లమని కాదు, కనీసం అడిగే చోటంటూ ఒకటుందని.

అలాగని మన చేతులు శుభ్రంగా ఏమీ లేవు. 2024 జూన్‌లో మన ఆర్థిక నిఘా విభాగం బినాన్స్‌కు వేసిన జరిమానా 18.82 కోట్ల రూపాయలు. అమెరికాలో అదే సంస్థ కడతానని ఒప్పుకున్నది 430 కోట్ల డాలర్లు. క్రిప్టో లాభాలపై 2022 నుంచి 30 శాతం పన్ను పిండుతున్న కేంద్రం, దానికో చట్టం మాత్రం ఇంతవరకూ తేలేదు. ఇక్కడ కమీషన్‌కు ఆశపడి బ్యాంకు ఖాతాను అద్దెకిచ్చిన కుర్రాడు సైబర్ నేరం కేసులో రిమాండ్‌కు వెళ్తున్నాడు. ఆ ఖాతాలో పడిన సొమ్ము క్రిప్టోగా మారి దేశం దాటిపోతోంది. ఒక్క ఖాతా ఇచ్చినవాడు నేరస్తుడైతే, లక్ష లావాదేవీలకు కళ్లు మూసుకున్న సంస్థ యజమానిని ఏమనాలి? కుర్రాడి తరఫున వాషింగ్టన్‌లో తిరగడానికి లాబీయిస్టులు లేరు, అంతే తేడా.

ఎవరో తెలియదని చెప్పి తప్పించుకోవడం ట్రంప్‌కు కుదరదు. ఫైలు చదివే సంతకం పెట్టి ఉంటే ఎందుకు పెట్టారో చెప్పాలి. చదవకుండా పెట్టి ఉంటే, చదవమన్నదెవరో కాదు, పెట్టమన్నదెవరో చెప్పాలి.